లయ తప్పిన గుండెకు క్రొత్త చికిత్స: ఎవరికి, ఎంతవరకు?

సాయంకాలపు పనులు ముగించి రేడియో చెంత కూర్చున్న శ్రోతలు కుడిచేతి మూడు వ్రేళ్లను ఎడమచేతి మణికట్టుపై, బొటనవ్రేలి వైపున, మెల్లగా ఆనించి ఒక్క నిమిషము చూడుడు. వ్రేళ్ల క్రింద నాడి కొట్టుకొనుట తెలియును. దెబ్బకు దెబ్బకు నడుమ ఎడము ఇంచుమించు సమానముగా ఉన్నచో గుండె తన తాళము తప్పలేదని చెప్పవచ్చును. ఊపిరి పీల్చునపుడు నాడి కొంచెము త్వరపడుట, విడుచునపుడు కొంచెము నెమ్మదించుట, అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పుట సహజమే. అట్లుగాక ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యముగా, ఒకటి బలముగా, మఱొకటి అందీ అందక, ఏ వరుసకును లొంగక నాడి నడచుచున్నచో దానిని వైద్యునకు చూపవలెను. అట్టి నాడికి తఱచుగా కారణమగు వ్యాధిని గూర్చి, దానికి ఇటీవల వచ్చిన ఒక క్రొత్త చికిత్సను గూర్చి ఈ ప్రసంగము.

మన కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో చెక్కభజన చూడనివారు అరుదు. గురువు పాట ఎత్తి తాళము వేయును; ఆటగాండ్రు అందఱును అదే తాళమునకు చెక్కలు కలిపి అడుగు వేయుదురు. గుండెలోను అట్టి గురువు ఒకడు కలడు. గుండెకు పైన రెండు గదులు, క్రింద రెండు గదులు. పై గదులను కర్ణికలనియు, క్రింది గదులను జఠరికలనియు అందురు. కుడి కర్ణిక పైభాగమున ఉన్న ఒక చిన్న కణసమూహము నిమిషమునకు అఱువది మొదలు నూఱు పర్యాయములు సన్నని విద్యుత్ప్రేరణను పంపును. ఆ సంజ్ఞ ననుసరించి ముందుగా కర్ణికలు, పిమ్మట జఠరికలు ముడుచుకొని రక్తమును నెట్టును. ఏ కారణము చేతనైనను కర్ణికలలో వేఱొక చోటినుండి సంజ్ఞలు పుట్టి, గురువు తాళమును ముంచివేసినచో, కర్ణికలు ముడుచుకొనుటకు మాఱుగా నిమిషమునకు మూడు నాలుగు వందల సార్లకు పైగా వణకుచుండును. దీనినే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. మనము కర్ణికా కంపనము అందము.

ఈ కంపనము వలన రెండు విధములైన చేటు కలుగును. మొదటిది గుండెదడ, ఆయాసము, నీరసము. చాలకాలము వేగము తగ్గనిచో గుండె కండరమే బలహీనపడుట. రెండవది ఇంతకంటె భయంకరమైనది. వణకుచున్న ఎడమ కర్ణికలో, ముఖ్యముగా దాని మూలనున్న చిన్న సంచిలో, రక్తము కదలక గడ్డకట్టును. ఆ గడ్డ కదలి మెదడు రక్తనాళమును మూసినచో పక్షవాతము వచ్చును. ఈ వ్యాధి ఉన్నవారికి పక్షవాతపు ప్రమాదము లేనివారికంటె సుమారు ఐదు రెట్లు ఎక్కువ. లయను సరిచేయుట ఒక పని, గడ్డ కట్టకుండ చేయుట మఱొక పని. ఇవి రెండును వేఱువేఱని శ్రోతలు మొదటనే గుర్తుంచుకొనవలెను. ఈ ప్రసంగమున చెప్పబోవు విషయమంతయు ఈ భేదము మీదనే ఆధారపడియున్నది.

ఇప్పుడు ఈ ప్రస్తావన ఎందులకనగా, “కాల్చుట లేదు, గడ్డకట్టించుట లేదు, క్షణములో పని పూర్తి” యని ఒక క్రొత్త చికిత్స పేరు పత్రికలలోను, సెల్ ఫోనులలోను వినవచ్చుచున్నది. ఇంటి పెద్దకు నాడి తప్పినదని తెలిసిన కుటుంబము ఆ మాట విని, చేని పట్టా తాకట్టు పెట్టియైనను పట్టణమునకు పోవలెనా యని తర్కించుకొనుట సహజము. ఆ తర్కమునకు కావలసిన తూకపు రాళ్లను అందించుటయే ఇచ్చటి ఉద్దేశము.

కర్నూలు వైద్య కళాశాల 1957వ సంవత్సరమున ప్రారంభమైన నాటికి ఈ వ్యాధికి ప్రపంచమున ఎచ్చటను మందులే తప్ప వేఱు గతి లేకుండెను. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ వర్ణించిన డిజిటాలిస్ ఆకు మందు గుండె వేగమును తగ్గించుచుండెను. క్వినిడిన్ కొందఱిలో లయను మఱల తెచ్చుచుండెను. 1987లో అమెరికా శస్త్రవైద్యుడు జేమ్స్ కాక్స్ ఱొమ్ము తెఱచి, కర్ణికలపై కోతలు పెట్టి, తప్పుడు సంజ్ఞలకు దారి లేకుండ చేసెను. 1998లో ఫ్రాన్సు దేశమునందలి బోర్డో నగరమున మిషెల్ హైసగేర్, ఆయన సహచరులు 45 మంది రోగులను పరీక్షించి ఒక ముఖ్యవిషయము కనుగొనిరి. వారిలో కంపనమును రేపుచున్న సంజ్ఞలలో నూటికి 94 వంతులు, ఊపిరితిత్తులనుండి ఎడమ కర్ణికకు రక్తము తెచ్చు సిరలలో పుట్టుచుండెను. నేటి చికిత్సకు పునాది అదియే.

పొరుగు చేని నీరు మన చేనిలోనికి రాకుండ ఏమి చేయుదుము? గట్టు వేయుదుము. వైద్యులును అదే చేసిరి. తొడ దగ్గఱి సిరగుండ కాథెటరు అను సన్నని గొట్టమును గుండెలోనికి పంపి, ఆ సిరలు కర్ణికలో కలియు మూతుల చుట్టును కండరమును చంపి, విద్యుత్తు దాటజాలని మచ్చను గట్టువలె నిలుపుదురు. ఇదియే ఎబ్లేషన్. గట్టు వేయుటకు మొదట వేడిని వాడిరి. పిదప చలిని వాడిరి. 2016లో ప్రకటితమైన 762 మంది రోగుల పరీక్షలో వేడి, చలి రెండును సమానమని తేలినది.

వేడికిని చలికిని ఒక లోపము కలదు: అవి తన పర భేదము నెఱుగవు. ఎడమ కర్ణిక వెనుకనే అన్నవాహిక కలదు. ప్రక్కగా ఊపిరికి తోడ్పడు డయాఫ్రము నాడి పోవుచున్నది. గట్టు వేయబోయిన వేడి అన్నవాహికకు సోకినచో కొన్ని వారములకు గుండెకును అన్నవాహికకును నడుమ రంధ్రము పడవచ్చును. 2023లో ప్రకటితమైన ఒక సర్వేలో, పలు దేశములలో జరిగిన ఐదున్నర లక్షలకు పైగా చికిత్సలలో 138 మందికి ఇట్లు జరిగినట్లు తేలినది. అనగా నాలుగు వేలకు ఒకటి; చాల అరుదు. కాని అట్లు జరిగినవారిలో మూడింట రెండు వంతులు మరణించిరి. అరుదైనను ఘోరమైన ఈ ఆపదను తప్పించుటయే క్రొత్త పద్ధతికి ముఖ్య ప్రేరణ.

ఆ క్రొత్త పద్ధతికి పల్స్‌డ్ ఫీల్డ్ ఎబ్లేషన్ అని పేరు. ఇందు వేడియు లేదు, చలియు లేదు. సుమారు రెండువేల వోల్టుల విద్యుత్తును సెకనులో లక్షల వంతుల కాలము మాత్రమే, విడివిడి పోట్లుగా ప్రయోగింతురు. ఆ పోటునకు కణముల పొరలో సూక్ష్మ రంధ్రములు పడి కణము చచ్చును. గుండె కండరపు కణములు ఇందుకు త్వరగా లొంగును. నాడులు, అన్నవాహిక చాలవఱకు ఓర్చుకొనును. కలుపు మొక్కను మాత్రము చంపి పైరును విడుచు మందువంటిది ఇది. పోటు తగిలినపుడు శరీరపు కండరములు బిగుసుకొనును గనుక మత్తు గాని, గాఢమైన నిద్రమందు గాని ఈయవలెను. ఐరోపాలో 2021 నుండియు, అమెరికాలో 2023 డిసెంబరు నుండియు ఇది అనుమతి పొందినది. ఇటీవలి సంవత్సరములలో మన దేశపు పెద్ద నగరములలోని కొన్ని ఆసుపత్రులలోను ఆరంభమైనది.

ఇక తూకము. అడ్వెంట్ అను పేరుగల పరీక్ష ఫలితములు 2023లో వెలువడినవి. న్యూయార్కులోని మౌంట్ సైనాయి ఆసుపత్రి వైద్యుడు వివేక్ రెడ్డి దీనికి ముఖ్య పరిశోధకుడు. మందులకు లొంగక వచ్చుచు పోవుచుండు కర్ణికా కంపనము గల 607 మందిని చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు క్రొత్త పద్ధతిని, రెండవ వర్గమునకు వేడి గాని చలి గాని ప్రయోగించిరి. ఏడాది తరువాత చూడగా చికిత్స ఫలించినవారు క్రొత్త పద్ధతిలో నూటికి సుమారు 73, పాత పద్ధతులలో సుమారు 71. తీవ్రమైన ఉపద్రవములు క్రొత్త వర్గములో 6 గురికి, పాత వర్గములో 4 గురికి కలిగినవి. చికిత్సకు పట్టిన కాలము క్రొత్తదానికి 106 నిమిషములు, పాతవానికి 123. కాని ఎక్స్‌రే కిరణముల క్రింద ఉండిన కాలము క్రొత్తదానికే ఎక్కువ. చికిత్స పిదప ఊపిరితిత్తుల సిరల మూతి ఇఱుకగుట మాత్రము క్రొత్త పద్ధతిలో దాదాపు లేదు. మొత్తము మీద క్రొత్తది పాతదానికి తీసిపోదని నిరూపితమైనది, మించినదని కాదు.

2025లో స్విట్జర్లండు దేశము నుండి వచ్చిన మఱొక పరీక్షలో, 210 మందికి చర్మము క్రింద ఒక చిన్న నమోదు యంత్రమును అమర్చి ప్రతి క్షణమును కనిపెట్టిరి. ఏడాదిలో కంపనము తిరిగి వచ్చినవారు క్రొత్త పద్ధతిలో నూటికి 37, చలి పద్ధతిలో 51. ఇచ్చట క్రొత్తది కొంత మేలనిపించినది. ఐనను మేలైన వర్గములోనే మువ్వురిలో ఒకరికి పైగా కంపనము మఱల కనిపించినదనుట మఱువరాదు. గట్టు ఎంత జాగ్రత్తగా వేసినను ఎచ్చటనో గండి పడవచ్చును. గండి పడినచో రెండవసారి చికిత్స అవసరము కావచ్చును.

ఆపదల మాట ఏమి? 20 దేశములలో 17,642 మందికి జరిగిన చికిత్సలను సమీక్షించిన నివేదిక 2024లో వచ్చినది. వారిలో అన్నవాహికకు రంధ్రము పడినవారు ఒక్కరును లేరు. ఇది నిజముగా గొప్ప లాభము. కాని గుండె చుట్టు రక్తము చేరుట, పక్షవాతము మొదలగు పెద్ద ఉపద్రవములు మొత్తము నూటికి ఒకటి చొప్పున ఉండినవి. అంతేగాక పాత పద్ధతిలో అంతగా కానరాని రెండు క్రొత్త చిక్కులు బయటపడినవి: గుండెకు రక్తమిచ్చు ధమని ఆకస్మికముగా బిగుసుకొనుట, విద్యుత్పోటు వలన ఎఱ్ఱకణములు పగిలి మూత్రపిండములు దెబ్బతినుట. రెండును అరుదే. 2025 జనవరిలో పక్షవాతపు సంఘటనల కారణముగా ఇట్టి యంత్రములలో ఒకదాని వాడుకను అమెరికాలో కొన్ని వారములు నిలిపి విచారించిరి. క్రొత్త కత్తికి పదును తెలియును గాని, అది ఎచ్చట తెగునో అనుభవము మీదనే తెలియును.

ఇంతవఱకు చెప్పినది పరీక్షలలో పాల్గొన్నవారి మాట. వారెవరో తెలిసికొనక ఆ లెక్కలను మన ఇంటికి తెచ్చుకొనుట పొరపాటు. మన విషయమంతయు ఇచ్చటనే మలుపు తిరుగును. అడ్వెంట్ వంటి పరీక్షలలో చేరినవారు గుండె కవాటములు బాగుగా ఉన్నవారు. మన దేశపు రోగులో? భారత హృదయలయ వైద్యుల సంఘము 1,537 మంది కర్ణికా కంపన రోగుల వివరములు సేకరించి 2017లో ప్రకటించినది. వారి సగటు వయస్సు 55 ఏండ్లు మాత్రమే. పాశ్చాత్య దేశములలో ఇది ముదిమి వ్యాధి. మన రోగులలో ఇంచుమించు సగము మందికి మూలకారణము, బాల్యమున వచ్చిన రుమాటిక్ జ్వరము వలన చెడిన కవాటము.

రుమాటిక్ జ్వరమనగా గొంతునొప్పితో ఆరంభమై, కీళ్లు వాచి, ఒక కీలు తగ్గగానే మఱొక కీలు పట్టుకొను జ్వరము. ఇఱుకిండ్లలో పెరుగు పేద పిల్లలకు ఇది ఎక్కువ. కీళ్ల నొప్పి పోవును. గుండె కవాటము మాత్రము ఏండ్ల తరబడి మెల్లగా బిగుసుకొనిపోవును. ఎడమ కర్ణికకును జఠరికకును నడుమనున్న మైట్రల్ కవాటము ఇఱుకైనచో, తూము పూడిన చెఱువువలె కర్ణిక ఉబ్బి, తుదకు వణకనారంభించును. తూము పూడియుండగా గట్టులు వేసి ప్రయోజనమేమి? ఇట్టివారికి ముందు కవాటమునకే చికిత్స కావలెను. జపాను వైద్యుడు కంజి ఇనోవె 1984లో ప్రకటించిన బెలూను పద్ధతితో, తగిన కవాటములను ఱొమ్ము తెఱవకయే విప్పవచ్చును. తగనివానిని శస్త్రచికిత్సతో మార్చుదురు.

మూడు ఉదాహరణములు ఊహింతము. ప్రొద్దుటూరులో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, వయస్సు 62. రక్తపుపోటు కలదు, కవాటములు బాగున్నవి. నెలకు రెండు మూడు పర్యాయములు గుండెదడ వచ్చి గంటల కొలది పడుకొనవలసి వచ్చుచున్నది. రెండు మందులు మార్చినను తగ్గలేదు. ఈయనకు ఎబ్లేషన్ తగిన చికిత్సయే. క్రొత్త పద్ధతి అందుబాటులో ఉన్న మేలు. లేనిచో, ఆరితేఱిన వైద్యుని చేతిలో వేడి గాని చలి గాని ఏమియు తక్కువది కాదు. క్రొత్త యంత్రముకంటె ప్రాత చేయి ముఖ్యము.

రెండవవారు ఆలూరు ప్రాంతపు వేరుసెనగ చేలలో కూలికి పోవు స్త్రీ, వయస్సు 38. చిన్ననాడు కీళ్లు వాచిన జ్ఞాపకము. ఇప్పుడు బిందె ఎత్తిన ఆయాసము. ఈమెకు ముందు కావలసినది ఎకో పరీక్ష, కవాటపు చికిత్స, మూడు నాలుగు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందు, రక్తము గడ్డకట్టనీయని మాత్ర. ఆ మాత్రలోను విశేషము కలదు. మైట్రల్ కవాటము ఇఱుకైనవారికి వార్ఫరిన్ తరగతి పాత మందే మేలని, మన దేశమును పాల్గొన్న 24 దేశముల పరీక్ష 2022లో తేల్చినది. ఆ మందు వాడువారు క్రమముగా రక్తపరీక్ష చేయించుకొని, ఐ.ఎన్.ఆర్. అను సంఖ్య సాధారణముగా 2కును 3కును నడుమ ఉండునట్లు చూచుకొనవలెను. ఆకుకూర మానవలసిన పని లేదు. ఒక వారము రోజుకు రెండు పూటలు, మఱొక వారము అసలు లేకుండ కాక, ఒకే తీరుగా తినవలెను.

మూడవవారు 80 ఏండ్ల వృద్ధుడు. ఏ బాధయు లేదు. కంటి ఆపరేషనుకు ముందు తీసిన ఈసీజీలో కంపనము కనబడినది. ఈయనకు గడ్డకట్టనీయని మందు, వేగము తగ్గించు మందు చాలవఱకు చాలును. 2019లో ప్రకటితమైన 2,204 మంది పరీక్షలో, మందులతో పోల్చిచూడగా ఎబ్లేషన్ వలన మరణములు, పక్షవాతములు నిర్ధారణగా తగ్గినట్లు తేలలేదు. సుఖజీవనము మాత్రము మెఱుగైనది. బాధయే లేనివానికి బాధ తగ్గించు చికిత్స ఏల? గుండె బలహీనపడినవారి సంగతి వేఱు. అట్టివారిలో ఎబ్లేషన్ వలన మరణములును ఆసుపత్రి పాలగుటయు తగ్గినట్లు 2018 నాటి పరీక్ష చూపినది. కావున బాధ లేకున్నను గుండె బలమెంతయో ఎకోలో చూడక నిర్ణయింపరాదు.

ఇక చాలమంది అడుగు ప్రశ్న: చికిత్స ఐన పిదప మాత్రలు మానవచ్చునా? వెంటనే మానరాదు. గడ్డకట్టనీయని మందును కనీసము రెండు నెలలు తప్పక వాడవలెను. అటుపిమ్మట కొనసాగింపవలెనా లేదా యనునది వయస్సు, రక్తపుపోటు, మధుమేహము, పూర్వపు పక్షవాతము మొదలగు వానిని బట్టి నిర్ణయింతురు. నాడి బాగుపడినదను ఒక్క కారణము చాలదు. చికిత్స ఫలించిన కొందఱిలో మందు మానవచ్చునని సూచించు పరీక్షలు 2025లో వచ్చినవి. అది వైద్యుడు తీర్చవలసిన విషయము. ఇంట తీర్చుకొనదగినది కాదు. కవాటము ఇఱుకైనవారికి ఆ సడలింపు వర్తింపదు.

డబ్బు ఖర్చు లేని చికిత్సలు కూడ కొన్ని కలవు. త్రాగుడు అలవాటు గల 140 మంది రోగులతో ఆస్ట్రేలియాలో జరిపి 2020లో ప్రకటించిన పరీక్షలో, త్రాగుడు మానినవారిలో కంపనము తిరిగి వచ్చినది నూటికి 53 మందికి. మాననివారిలో 73 మందికి. స్థూలకాయము తగ్గించుట, రక్తపుపోటును అదుపులో ఉంచుట, గుఱకతో ఊపిరి ఆగు నిద్రకు వైద్యము చేయించుట, థైరాయిడ్ పరీక్ష చేయించుట, ఇవి ఏ గట్టుకైనను మట్టి వంటివి. ఇవి లేని గట్టు త్వరగా తెగును.

కావున పట్టా తాకట్టు పెట్టుటకు ముందు ఐదు ప్రశ్నలు వైద్యుని అడుగుడు. కవాటములు ఎట్లున్నవి? కంపనము వచ్చి పోవునదియా, నిలిచియున్నదియా? మందులు తగినంత కాలము వాడి చూచితిమా? తాము ఏడాదికి ఇట్టి చికిత్సలు ఎన్ని చేయుదురు? రెండవసారి అవసరమైన ఎంత ఖర్చగును? మొదటి ప్రశ్నకు జవాబు కొఱకు దూరము పోనక్కఱ లేదు. ఈసీజీ, ఎకో పరీక్షలు జిల్లా కేంద్రముల పెద్దాసుపత్రులలోనే దొరకును. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏది వచ్చునో అచ్చటనే అడిగి తెలిసికొనవచ్చును. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను మాత్రము ప్రశ్నలకు వేళ లేదు. నాలుగున్నర గంటలు దాటకముందే పెద్దాసుపత్రి చేరవలెను.

ప్రసంగారంభమున నాడిపై వ్రేళ్లు ఆనించిన శ్రోతలు ఇప్పుడు తమ ఇంటిలోని పెద్దల నాడిని కూడ ఒకసారి చూడుడు. కీళ్లు వాచి జ్వరముతో పడియున్న బిడ్డ ఎవరైనను ఇంటిలో ఉన్నచో ఱేపటి ఉదయమే వైద్యునకు చూపుడు. ముప్పది ఏండ్ల తరువాత ఆ బిడ్డకు ఏ పద్ధతి మేలను ప్రశ్నయే రాకుండ చేయు అవకాశము నేడు ఆ ఇంటివారి చేతిలోనే ఉన్నది.